జోధ్‌పూర్‌లో ఆంధీ కెమెరాలు పెట్టబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పైనుంచి ఉపగ్రహం ఆంధీలను, అంటే ఎడారి దుమ్ముగాలులను, చూస్తూనే ఉంటే కింద కెమెరాలకు డబ్బు దండగ కాదా అని మీవాళ్లు అడుగుతున్నారని రాశావు. ముందు దానికి జవాబు చెప్తాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం దాటాక థార్‌లో లేచే ఆంధీలు చాలావరకు ఉరుముల మేఘం వల్ల పుట్టేవే. జారే చినుకులు పొడిగాలిలో ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి నేలమీద పడి ముందుకు తోసుకొస్తూ దుమ్ము లేపుతుంది. అదే మేఘం పైభాగం విచ్చుకుని ఆ దుమ్మును కప్పేస్తుంది. ఉపగ్రహానికి మేఘమే కనబడుతుంది, దుమ్ము కనబడదు. అక్కడ కెమెరాయే దిక్కు. పడమటి గాలులు రోజుల తరబడి లేపే దుమ్ము సంగతి వేరు. అది వందల కిలోమీటర్లు పరుచుకుని ఉపగ్రహానికి చక్కగా దొరుకుతుంది, కెమెరాలో మాత్రం ఉత్త మసకలా ఉంటుంది. రెండూ కావాలి, రెండూ ఒకే గడియారం మీద నడవాలి.

కెమెరాను పడమటికి తిప్పాలని అందరికీ అనిపిస్తుంది. తిప్పకు. జూన్‌లో జోధ్‌పూర్‌లో సూర్యుడు ఉత్తరం నుంచి దాదాపు 296 డిగ్రీల దగ్గర అస్తమిస్తాడు. ఆంధీ వచ్చేదీ ఆ వేళల్లోనే, కాబట్టి బొమ్మంతా తెల్లబారిపోతుంది. రెండు కెమెరాలు పెట్టు: ఒకటి నైరుతికి 225 డిగ్రీల వైపు, ఇంకొకటి వాయవ్యం దాటించి 335 డిగ్రీల వైపు. మామూలు 1/2.8 అంగుళాల సెన్సర్‌కు 6 మిల్లీమీటర్ల లెన్సు వేస్తే అడ్డంగా సుమారు 50 డిగ్రీలు పడుతుంది, సూర్యుడు రెండింటికీ బయటే ఉంటాడు. డాబా మీద ఎనిమిది పది మీటర్ల ఎత్తు చాలు, దిగంతం అడ్డు లేకుండా కనిపించాలి.

ఇక సెట్టింగులు. అసలు పని పాడయ్యేది ఇక్కడే. సీసీటీవీ కెమెరాల్లో 'డీఫాగ్' అని ఒకటుంటుంది. అది మసకను తుడిచేసి బొమ్మను శుభ్రంగా చూపిస్తుంది, అంటే నువ్వు కొలవాల్సిన దుమ్మునే చెరిపేస్తుంది. దాన్ని ఆపు, వెలుగునీడలను సర్దేసే డబ్ల్యూడీఆర్‌నూ ఆపు. వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగుకు బిగించెయ్యి, లేకపోతే పసుపురంగు దుమ్మును కెమెరా బూడిదరంగు చేస్తుంది. రాత్రిపూట కెమెరా చుట్టూ వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు ఆర్పెయ్యి. అవి లెన్సు ముందున్న దుమ్మునే వెలిగించి తెర మొత్తాన్ని తెల్లగా చేస్తాయి. రాత్రికి టవర్ల మీది ఎర్రదీపాలే గుర్తులు.

కెమెరా పెట్టిన మొదటి వారంలోనే, ఆకాశం తేటగా ఉన్న రోజున, కనబడే గుర్తుల దూరాలన్నీ కొలిచి రాసుకో. 50 మీటర్లలో ఒకటి, తర్వాత 200, 500 మీటర్లు, 1, 2, 5, 10 కిలోమీటర్లు. నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, మెహ్రాన్‌గఢ్ కోట, ఆకాశం నేపథ్యంగా నల్లగా కనబడేది ఏదైనా పనికొస్తుంది. ఈ పట్టిక లేని కెమెరా మంచి ఫొటోలిస్తుంది, కొలత ఇవ్వదు. 2 కిలోమీటర్ల దూరంలోని టవర్‌కూ వెనుక ఆకాశానికీ మధ్య వెలుగు తేడా తేటరోజున 0.8 ఉండి ఇప్పుడు 0.2కు పడిందనుకో. 0.8ని 0.2తో భాగించి సహజ సంవర్గమానం తీస్తే 1.39, దాన్ని 2 కిలోమీటర్లతో భాగిస్తే 0.69. 3ని ఆ 0.69తో భాగించు, కనుచూపు దూరం 4.3 కిలోమీటర్లని వస్తుంది. 1 కిలోమీటరు లోపుకు పడితేనే దుమ్ము తుపాను అనాలి. విమానాశ్రయం వాతావరణ నివేదికలో (మెటార్) 'డీఎస్', అంటే దుమ్ము తుపాను, అని పడ్డ సమయాలతో నీ లెక్కను పోల్చి చూడు.

50 మీటర్ల గుర్తు ఎందుకంటే, గాలి తేటపడ్డాక కూడా అది మసకగానే ఉంటే తప్పు గాలిది కాదు, అద్దానిది. ఆంధీ చివర రాలే నాలుగు చినుకులు అద్దం మీది దుమ్మును బురద చేసి ఎండబెడతాయి. పొడిగుడ్డతో మాత్రం తుడవొద్దు, ఇసుకలోని క్వార్ట్జ్ గీతలు పెడుతుంది. ముందు రబ్బరు బల్బుతో ఊది, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆపైన మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు. ఫ్యాను ఉన్న పెట్టె కొనొద్దు, అది దుమ్మును లోపలికి లాగుతుంది. ఫ్యాను లేని, దుమ్మూ నీళ్లూ చొరబడని ఐపీ66 రకం పెట్టెకు తెల్లరంగు వేసి పైన ఎండ రేకు బిగిస్తే సరిపోతుంది.

ఆంధీ వచ్చీరాగానే కరెంటు పోతుంది. కెమెరాకు 6 వాట్లు, రౌటర్‌కు 5 వాట్లు అనుకుంటే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం మీద ఏడు గంటలకు పైగా ఆగాలి. ఆ ఎండల్లో, సగానికి మించి ఖాళీ చేయకుండా వాడితే, నాలుగు గంటలకు మించి నమ్మకు. బొమ్మలు కార్డులోనే దాచు. నిమిషానికొకటి, ఒక్కోటి అర ఎంబీ చొప్పున, నెలకు సుమారు 22 జీబీ. నెట్ పోతే సమయం తప్పకుండా బటన్ సెల్‌తో నడిచే గడియారం చిప్పు ఉండాలి. ఫైలు పేర్లలో ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీయే వాడు. మన సమయానికి ఐదున్నర గంటల తేడా గుర్తుంచుకుంటే చాలు.

ఉపగ్రహం దగ్గర సమయం ఇంకా చిక్కు. మన వాతావరణ ఉపగ్రహం ఇన్శాట్‌లోని కెమెరా (ఇమేజర్) పూర్తి గోళాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి స్కాన్ చేయడానికి దాదాపు 26 నిమిషాలు తీసుకుంటుంది, స్కాన్ మొదలైన ఆరేడు నిమిషాలకు జోధ్‌పూర్ వంతు వస్తుంది. 45.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న యూరప్ ఉపగ్రహం మెటియోశాట్-9 దక్షిణం నుంచి ఉత్తరానికి 12 నిమిషాల్లో స్కాన్ చేస్తుంది, జోధ్‌పూర్ తొమ్మిదో నిమిషానికి వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆంధీ నిమిషానికో కిలోమీటరు జరుగుతుంది. ఫైలు మీది సమయాన్నే నమ్మితే పది కిలోమీటర్ల పొరపాటు అక్కడే. పైగా మెటియోశాట్ పక్కనుంచి చూస్తుంది కాబట్టి 12 కిలోమీటర్ల ఎత్తున్న మేఘం నెత్తి సుమారు 11 కిలోమీటర్లు ఈశాన్యానికి జరిగి కనబడుతుంది. మేఘం ఊరి మీదికి వచ్చేసిందని తొందరపడకు.

పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కొలతలకు రంగులు వేసి చేసే దుమ్ము రంగుచిత్రాన్ని మెటియోశాట్‌తోనే చెయ్యి. ఎరుపుకు 12.0, 10.8 మైక్రాన్ల తరంగాల్లో కొలిచిన ఉష్ణోగ్రతల తేడా (12.0లోంచి 10.8ని తీసెయ్యి), −4 నుంచి +2 కెల్విన్. ఆకుపచ్చకు 10.8, 8.7 తేడా, 0 నుంచి 15, గామా (వెలుగు సర్దుబాటు) 2.5. నీలానికి 10.8 ఉష్ణోగ్రత, 261 నుంచి 289. దుమ్ము గులాబీ రంగులో వస్తుంది. ఇన్శాట్‌లో 8.7 లేదు. అక్కడ 10.8లోంచి 12ని తీసెయ్యి, సున్నా కిందికి పోతే దుమ్మని అనుమానించు. జూన్ చివర తేమ పెరిగితే ఈ తేడా పైకి జరిగి దుమ్ము దాక్కుంటుంది. రాత్రి నేల చల్లబడితే నేలను అంటుకున్న దుమ్ముకూ నేలకూ ఉష్ణోగ్రతలో తేడా తగ్గి గులాబీ వెలిసిపోతుంది. ఎడారి ఇసుకకు తనదైన రంగు కూడా ఉంది, కాబట్టి ఈనాటి చిత్రాన్ని అదే గంటకు ముందు రోజుల తేట చిత్రాలతో పోల్చాకే తేల్చు. మామూలు రంగు ఫొటోల మీద ఆశ పెట్టుకోకు. ఇసుక మీద ఇసుక కనబడదు. పైగా అలాంటి ఫొటోలు తీసే వీఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ కెమెరా పగటిపూట వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, ఆంధీ లేచేది సాయంత్రం.

హెచ్చరిక పంపేటప్పుడు ఒక్క గుర్తు చూసి పంపకు. దుమ్ములో నీలం ఎరుపు కంటే ముందు పడిపోతుంది, కానీ సూర్యాస్తమయంలోనూ అంతే. దూరపు గుర్తు మాయమై, దగ్గరి గుర్తు ఇంకా నిలిచి, రంగు మారి, ఈ మూడూ రెండు మూడు నిమిషాలు నిలిస్తే పంపు. ఊరికి 15 కిలోమీటర్ల అవతల ఇంకో కెమెరా పెట్టగలిగితే వేగం తెలుస్తుంది: ఆంధీ ఆ దూరాన్ని 12 నిమిషాల్లో దాటితే గంటకు 75. అయితే ఏటవాలుగా వస్తే ఈ లెక్క అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, మూడో కెమెరా ఉంటేనే దిశ తేలుతుంది. 2018 మే 2 రాత్రి తూర్పు రాజస్థాన్, ఆగ్రా వైపు ఆంధీకి వందమందికి పైగా చనిపోయారు. చాలామందిని చంపింది కూలిన గోడలు, చెట్లు. పావుగంట ముందు తెలిసినా మనుషులు చెట్టుకింద నుంచి లేచిపోతారు.

జోధ్‌పూర్‌లో వైమానిక దళ స్థావరం ఉంది, జైసల్మేర్, బాడ్‌మేర్ సరిహద్దు జిల్లాలు. కెమెరా ఏ వైపు చూస్తుందో పటం గీసి జిల్లా అధికారుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో, ఇళ్ల కిటికీలు పడే భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో మూసెయ్యి. అనుమతి చేతికొచ్చేదాకా స్తంభానికి మేకు కూడా కొట్టొద్దు.

ఇట్లు
మీ పెదనాన్న