కొత్త టీవీ కొన్న మేనల్లుడికి ఆపరేటర్ మావయ్య రాసింది

ఒరే చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, 55 అంగుళాల టీవీ కొన్నావట, శనివారం వస్తే చాలు నీ ఫ్రెండ్సంతా శ్రీకాకుళంలో మీ హాల్లోనే చేరతన్నారట, సినిమా అయిపోయాక అర్ధరాత్రి దాకా వాదించుకుంటన్నారట. నువ్వు గ్రూపులో రాసినవి కూడా నాకు పంపించింది, అన్నీ చదివాను. బాగానే రాస్తన్నావురా, అబద్ధం ఎందుకు. కాపోతే మూడుచోట్ల నాకు డౌటొచ్చింది. ఒక సినిమాని "సీరియల్‌లా ఉంది" అన్నావు. ఇంకోదానికి "రాత్రి సీన్లలో ఏటీ కనబడదు, కెమెరామేన్ నిద్రపోయాడు" అన్నావు. మరోదానికి "డైలాగులు వినబడి చావవు, ఫైటొస్తే మాత్రం ఇల్లెగిరిపోతాది" అన్నావు. ఈ మూడు నిందలూ ఆ సినిమాలు తీసినోళ్ళవి కావేమోరా, నీ టీవీవేమో.

అంచేత నేను చెప్పేది ఒక్కటే. సినిమా మీద మాట అనే ముందు, నువ్వు చూసింది ఆ సినిమాయేనా కాదా తేల్చుకో. మా రోజుల్లో ఆ పని మాది. విజయనగరంలో నేను సినిమా హాలు ప్రొజెక్టర్ బూత్‌లో ఉన్నప్పుడు, తెరమీద వెలుగు కోసం రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట మండుతుంటే నల్లద్దంలోంచి దాన్ని చూసుకుంటా కూర్చోవాలి, కడ్డీలు అరిగిపోతుంటాయి కదా, వాటిని కొంచెం కొంచెం దగ్గరకి జరపాలి, ఏమాత్రం అశ్రద్ధ చేసినా తెరమీద వెలుగు తగ్గిపోద్ది. ఫ్రేమ్ పైకి జరిగి హీరో తల తెగిందంటే నేల టికెట్టు నుంచి ఈలలు, బూతులు, మా ఇంట్లో ఆడోళ్ళ దాకా పోయేవి ఆ బూతులు. ఇప్పుడు మీ హాల్లో ఈల వేసేవాడు లేడు, ఆపరేటరూ లేడు. ఆ ఉద్యోగం నీదే, రిమోట్ నీ చేతిలో ఉంది కాబట్టి.

ముందు ఆ సీరియల్ సంగతి చూద్దాం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టాకీలు నిలదొక్కుకున్నప్పట్నుంచీ అదే లెక్క, మాకు రీలు అడుగుకి 16 ఫ్రేములు, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడేది. ఆ 24లో ఉండే చిన్న అదురే సినిమాకి సినిమా కళ తెస్తాది. నీ టీవీ ఏటి చేస్తందంటే, ఈ ఫ్రేముకీ ఆ ఫ్రేముకీ మధ్యన లేని బొమ్మల్ని తనే ఊహించి తయారుచేసి దూర్చేస్తంది. క్రికెట్‌కి అది బాగుంటాది, బంతి సాఫీగా కదుల్తాది. సినిమాలో అదే పని చేస్తే ఎంత ఖర్చు పెట్టి తీసిన సీనైనా స్టూడియోలో వీడియో కెమెరాతో తీసినట్టు అయిపోద్ది, అదీ నీకు సీరియల్‌లా కనబడింది. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, ఎల్‌జీలో ట్రూమోషన్ అంటారు, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ. పిక్చర్ సెట్టింగులు, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ ఎక్కడో దాక్కుని ఉంటాది, వెతికి ఆఫ్ చెయ్. టామ్ క్రూజ్ అంతటోడు 2018లో పనిగట్టుకుని వీడియో చేసి మరీ చెప్పాడు, నా సినిమా చూసే ముందు ఇది ఆపండ్రా బాబూ అని. ఆ మరుసటేడు కొన్ని టీవీ కంపెనీలూ స్టూడియోలూ కలిసి ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి తెచ్చాయి, నీ టీవీలో అది ఉంటే సగం శ్రమ తప్పుతాది, అది నొక్కితే ఈ దూర్చుడు పన్లన్నీ దానంతటదే ఆపేస్తాది. లేకపోతే సినిమా మోడో మూవీ మోడో పెట్టు.

పెట్టగానే "ఛీ, పసుపుపచ్చగా ఉందేటి" అంటావు, నాకు తెల్సు. షాపులో పది టీవీలు పక్కపక్కన పెట్టి అమ్మాలి కదా, అందుకని వివిడ్ మోడ్‌లో నీలం కొట్టించి మెరిపిస్తారు, కొన్నాక కూడా మనోళ్ళు అదే ఉంచేసుకుంటారు. రెండు సినిమాలు ఓపిక పట్టు, కన్ను సర్దుకుంటాది, తర్వాత మళ్ళీ వివిడ్ పెట్టి చూస్తే నీకే కళ్ళు గుచ్చుకుంటాయి. షార్ప్‌నెస్ బాగా కిందకి దించెయ్, ఎక్కువ పెడితే మొహాల చుట్టూ తెల్లగా అంచు గీసినట్టు వస్తాది.

రాత్రి సీన్లకి మొట్టమొదట చూడాల్సింది పవర్ సేవింగ్. కరెంటు ఆదా అని గదిలో వెలుతుర్ని బట్టి బొమ్మని అదే డల్ చేసేస్తంటాది, అది ఆపాలి. తర్వాత మీ హాల్లో సోఫా వెనకాల కిటికీ ఒకటుంది చూడు, వీధిలైటు దాంట్లోంచి సరాసరి తెరమీదే పడతాది, ఒక మందపాటి కర్టెన్ వెయ్యి. ట్యూబ్‌లైటు ఆర్పెయ్, మరీ చీకటి పిల్లలకి భయమనుకుంటే టీవీ వెనకాల గోడమీద పడేలా చిన్న బల్బు పెట్టు, తెరమీద పడకూడదు అంతే. ఇవన్నీ చేసాక మాయాబజార్‌లో ఆ వెన్నెల పడవ పాట పెట్టుకుని చూడు. 1957 సినిమా, కెమెరా మార్కస్ బార్ట్లే. కలర్‌ది వద్దు, నలుపు తెలుపుదే పెట్టు. నీళ్ళ మీద తళుకు ఒక తెలుపు, మొహాల మీద ఇంకో తెలుపు, వెనకాల చెట్లది ఒక నలుపు, ఆకాశానిది వేరే నలుపు, ఇవి విడివిడిగా కనబడ్డాయంటే నీ సెట్టింగ్ కుదిరినట్టు. అన్నీ కలిసి ముద్దయిపోతే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మళ్ళీ కదుపు. నేను ఏ టీవీ చూసినా ముందు ఆ పాటే పెడతాను.

దూరం కూడా చూసుకో. మన ఇళ్ళల్లో సోఫా ఎప్పుడూ వెనక గోడకి ఆనించేస్తాం, టీవీ ఎదురు గోడకి, మధ్యలో పన్నెండడుగులు ఖాళీ, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు. 55 అంగుళాల 4కే టీవీకి ఆరేడు అడుగుల దూరం చాలు. సినిమా ఉన్నంతసేపు సోఫా ముందుకి లాగండి, అయిపోయాక మీ అమ్మ తిట్టకముందే వెనక్కి నెట్టీండి.

పైనా కిందా నల్ల పట్టీలు వస్తన్నాయని జూమ్ కొట్టకు. స్కోప్ సినిమా అంటే వెడల్పు ఎత్తుకి రెండు రెట్లు దాటి ఉంటాది, తెలుగులో 1974లో అల్లూరి సీతారామరాజుతో మొదలైంది ఆ స్కోప్, నీ టీవీ ఏమో 16కి 9. ఆ పట్టీలు నింపాలని జూమ్ చేస్తే రెండు పక్కలా మనుషులు తెగిపోతారు, డైరెక్టరు ఆ చివర ఒకణ్ణి ఈ చివర ఒకణ్ణి నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలాడంటే ఊరికే వదల్లేదు కదా. పాత సినిమాలకి దీనికి రివర్సు, అవి కాస్త చదరంగా ఉంటాయి, పట్టీలు పక్కలకి రావాలి. ఊరికే దొరికే చాలా కాపీల్లో తెర నింపడం కోసం అడ్డంగా సాగదీసేస్తారు, లేకపోతే తలకాయలు కోసేస్తారు. సాగదీసారో లేదో తెలుసుకోవాలంటే హీరోయిన్ బొట్టు చూడు, గుండ్రంగా ఉంటే సరే, కోడిగుడ్డు అడ్డంగా పెట్టినట్టుంటే రిమోట్ తియ్యి.

ఇక్కడొక ముక్క చెప్పాలి, అవసరం లేకపోయినా. పాత టీవీలు మన దేశంలో పాల్ పద్ధతివి, సెకనుకి 25 ఫ్రేములు. అందుకని 24 ఫ్రేముల సినిమాని 25 స్పీడులో తిప్పేసేవారు, రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోయేది. పొట్టి అవ్వడమే కాదు, శ్రుతి కూడా పైకి పోయేది. ఘంటసాల మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాయన, సుశీలమ్మ మన ఊరావిడే, వాళ్ళ పాటలు ఏళ్ళ తరబడి టీవీల్లో అలా కాస్త హెచ్చు శ్రుతిలో విన్నాం మనం, ఎవరూ కిక్కురుమన్లేదు. ఇప్పుడొచ్చే యాప్‌ల్లో చాలావరకు ఆ గోల లేదనుకో.

సౌండు దగ్గరకొస్తే, టీవీ పల్చబడేకొద్దీ స్పీకర్లు కిందకో వెనక్కో తిప్పేసారు, మాట నీ దాకా రావాలంటే గోడకి తగిలి రావాలి. పైగా సినిమాకి కలిపిన సౌండు 5.1, అంటే ఐదు స్పీకర్లూ ఒక బేస్ బాక్సూ, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి, నీకు ఆ మధ్యదే లేదు. డబ్బులుంటే మధ్యలో విడిగా స్పీకరున్న సౌండ్‌బార్ కొను, 3.1 అని రాసుంటాది, దాన్ని ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే పెట్టు, వేరే దాంట్లో పెట్టి సౌండ్ రావట్లేదని షాపువాడితో తగువాడకు. డబ్బుల్లేకపోతే యాప్‌లో ఆడియో 5.1 బదులు స్టీరియో ఉందేమో చూసి అది పెట్టు, టీవీలో నైట్ మోడ్ ఉంటే అది కూడా, ఫైట్లు తగ్గి మాటలు పైకొస్తాయి. మీ పక్కింటోళ్ళకి కూడా అదే మంచిది.

మాటలు వినబడ్డం మనకి మరీ ముఖ్యంరా. మన ఉత్తరాంధ్ర యాస సినిమాలో వినబడేదే తక్కువ, అదీ ఎక్కువగా పనోడికో కామెడీ వాడికో ఇస్తారు. ఎప్పుడైనా ఒకడు పట్టించుకుని సరిగ్గా పలికించాడనుకో, ఆ ఏటి అన్నచోట విరుపు, సాగదీతా వినబడకపోతే వాడి కష్టం వినకుండానే మార్కులేసినట్టు కదా. నాకు కోపం వచ్చే విషయం ఇది, ఇక్కడ ఆపేస్తాను.

కాపీ గురించి బేగి చెప్పేస్తాను. నెట్‌ఫ్లిక్స్ వాడే చెప్తాడు 4కేకి 15 ఎంబీపీఎస్ నెట్ స్పీడు కావాలని. మీ వైఫై రౌటర్ ముందు గదిలో, టీవీ హాల్లో, శనివారం రాత్రి వీధంతా అదే పని మీద ఉంటారు, అప్పుడు వాడు చెప్పకుండా క్వాలిటీ దించేస్తాడు, చీకటి సీన్లలో గళ్ళు గళ్ళుగా వస్తాది. రౌటర్ నుంచి టీవీకి వైరు లాగించు. థియేటర్లో ఫోన్‌తో తీసిన ప్రింటు మాత్రం ముట్టుకోకు. 2023లో మార్చిన చట్టంలో దానికి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా కనీసం మూడు లక్షలు, అది తీసినోడి బాధ అనుకో, కానీ అలాంటి దాన్ని చూసి నువ్వు ఫొటోగ్రఫీ మీద పేరా రాసావంటే నిన్ను నేనే తన్నుతాను.

సరే, ఇవన్నీ కుదిరాక మీ వాదనల సంగతి. మీవోళ్ళు బొమ్మ అయిపోగానే "హిట్టా ఫట్టా" అంటారు, నువ్వు రేటింగు వేస్తావు, ఇంకోడు కలెక్షన్లు చదువుతాడు, అక్కడితో హీరోల మీదకి పోద్ది. కలెక్షన్ లెక్క మాకు డిస్ట్రిబ్యూటరు ప్రతినిధి వచ్చి డీసీఆర్‌లో, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టులో, రాసుకునేవాడు, చూసేవాడికి అది దేనికిరా? శంకరాభరణం 1980లో వచ్చినప్పుడు మొదట్లో హాళ్ళు ఖాళీ, నోటిమాట మీద జనం వచ్చి నెలల తరబడి ఆడింది. మన జె.వి. సోమయాజులు గారిని, విజయనగరంలో కన్యాశుల్కం నాటకాలు ఆడిన మనిషిని, దేశమంతా చూసింది. మొదటివారం లెక్క చూసి ఎవడైనా దాన్ని కొట్టిపారేసుంటే ఏటనుకోవాలి?

అంచేత మీ సిట్టింగులో ఒక పద్ధతి పెట్టు. మొదట ఎవరూ బాగుంది బాగాలేదు అనకూడదు. ఒక్కొక్కడూ ఒక్క సీను చెప్పాలి, అందులో ఏటి చూసాడో ఏటి విన్నాడో అదే. ఎక్కువ మాట్లాడేవోణ్ణి ఆఖర్న పెట్టు, మీ గ్రూపులో ఎవడో నాకు తెల్సు, నువ్వే. మాట్లాడకుండా మూల కూర్చునేవాడు ఉంటాడు, వాణ్ణి ముందు అడుగు. వాదన తేలకపోతే ఆ సీను మళ్ళీ పెట్టి సౌండ్ మ్యూట్ చేసి చూడండి, ఎవరు ఎవరి వైపు చూస్తన్నారు, కెమెరా ఎప్పుడు దగ్గరకొచ్చింది, ఎక్కడ కట్ పడింది అప్పుడు తెలుస్తాది. ఆనక కళ్ళు మూసుకుని విను. రెండుసార్లు చేస్తే చాలు, మీ సగం తగువులు తీరిపోతాయి, మిగతా సగం తీరకపోతేనే మజా.

నచ్చలేదంటే నచ్చలేదని రాయి, మొహమాటం వద్దు, కానీ ఎక్కడ నచ్చలేదో రాయి. కెమెరామేన్ పేరు, ఎడిటర్ పేరు చూసి రాయి. పేర్లు పడేటప్పుడు ఫార్వర్డ్ చేసేస్తే ఎవణ్ణి తిడతన్నావో నీకే తెలీదు. ఎవడైనా చూడకుండా ఉండిపోయుంటే క్లైమాక్స్ బయటపెట్టకు. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించు. గుంటలు అల్లరి చేస్తే చెయ్యనీ, పౌరాణికం చూసేటప్పుడు మీ నాన్నమ్మ మధ్యమధ్యలో కథ చెప్తే చెప్పనీ, ఆవిడకి ఆ పద్యాలు నోటికి వచ్చు, మీలో ఒక్కరికీ రావు.

ఆఖరుగా, ఒక మంచి స్టెబిలైజరు పెట్టు, మన దగ్గర ఓల్టేజీ నమ్మకం లేదు. అక్టోబరు వస్తందంటే కొన్ని సినిమాలు డౌన్‌లోడ్ చేసి ల్యాప్‌టాప్‌లో ఉంచుకో, 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో మీ నాన్నని అడుగు. కరెంటు పోయినరోజు ఇన్వర్టర్ మీద ముందు ఫ్యానూ ఫ్రిజ్జూ, తర్వాతే సినిమా, లేకపోతే మీ అమ్మ నాకు ఫోన్ చేస్తాది.

మీ మావయ్య
విజయనగరం