జనరేటర్ స్టార్ట్ కాకపోతే, స్టార్టయినా కరెంటు రాకపోతే

పోయిన వేసవి నుంచి మూలన ఉన్న చిన్న పెట్రోల్ జనరేటర్ తాడు ఎంత లాగినా అందుకోవడం లేదని, ఒకసారి అందుకున్నా బల్బు వెలగలేదని అడిగారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

స్టార్ట్ కాకపోవడానికి నా మొదటి అనుమానం పాత పెట్రోలు మీదే. నెలల తరబడి నిలవుంటే అది జిగురుగా మారి పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోని జెట్ అనే సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, తేమను పీల్చుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజుసీసాలోకి పట్టి చూడండి. రంగు ముదిరి ఘాటు వాసన వస్తున్నా, అడుగున నీటిపొర కనిపించినా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాలి. జెట్‌ను కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో కడగాలి.

ఆయిల్ కూడా చూడండి. చాలా మోడళ్లలో ఆయిల్ తగ్గితే సెన్సర్ స్పార్క్‌ను ఆపేస్తుంది. జనరేటర్‌ను ఏటవాలుగా పెట్టినా అంతే. మెకానిక్‌ను పిలిచాక ఇది తేలితే ఒళ్లు మండుతుంది.

ఇంజిన్ తిరుగుతున్నా కరెంటు లేదంటే ముందు బ్రేకర్ చూడండి. అది ఆన్‌లోనే ఉంటే లోడ్లన్నీ తీసేసి మల్టీమీటర్ పెట్టండి. 230 బదులు రెండు మూడు వోల్టులే చూపిస్తే, చాలాకాలం వాడక కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లోని శేష అయస్కాంతత్వం (ఆపేశాక కూడా అందులో మిగిలే కొద్దిపాటి అయస్కాంత శక్తి) పోయి ఉండొచ్చు. ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) లేదా కెపాసిటర్ పాడైనా ఇలాగే ఉంటుంది. ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

పరీక్షలన్నీ ఆరుబయటే, తలుపులకూ కిటికీలకూ దూరంగా చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా విడదీసేది) లేకుండా జనరేటర్‌ను ఇంటి ప్లగ్గుకు కలపొద్దు, ఆ కరెంటు వెనక్కి లైనులోకి వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది.