గుళ్ళను ప్రభుత్వం వదిలేస్తే ఆస్తులు ఊరి పెద్దలు తినేయరా?

తినేవాడు ఊళ్ళో ఉంటే రచ్చబండ దగ్గర నిలబెట్టి అడగొచ్చు. ఏడాదికోసారి జీపులో వచ్చిపోయే ఆఫీసరుని ఎవరు అడుగుతారు?

మాది నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డు ఊరు. మా శివాలయానికి ఆరెకరాల మాగాణి మాన్యం ఉంది. మా తాత రోజుల్లో కౌలు చేసేవాడు కోత కాగానే వడ్లు తెచ్చి గుడి ముందరే కొలిచి పోసేవాడంట. అయ్యవారి జీతం, నైవేద్యం, దీపం అన్నీ అందులోనే. ఇప్పుడు కౌలు వేలం వేస్తారు, డబ్బు దేవాదాయ శాఖ ఆఫీసు ఖాతాలోకి పోతుంది.

మూడేళ్ళ కిందట కార్తీక పౌర్ణమి సాయంత్రం నేనూ మా నాన్నా గుడికి పోయాం. గర్భగుడిలో ఒక్కటే ప్రమిద, ఒత్తి చివరదాకా మాడి నల్లగా ఉంది. డెబ్భై దాటిన అయ్యవారు మా నాన్నని పక్కకి పిలిచి, "అబ్బాయా, నూనె ఏమన్నా తెచ్చినారా?" అన్నారు. తర్వాత పంచె మడతలోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించారు. నూనె, కర్పూరం, ఒత్తులు అంగట్లో అప్పు తెచ్చిన లెక్క, నాలుగు నెలలది. ఆరెకరాలున్న దేవుడికి నూనె అప్పు తేవాల్సి వచ్చిందే అని మా నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. మండపం కారుతుంటే చందాలేసుకుని మేమే బాగు చేయించుకుంటామన్నా పర్మిషన్ రావాలన్నారు. ఈలోపు రెండు తుఫాన్లు పోయినాయి.

డబ్బులున్న గుళ్ళలో ఇంకో బాధ. రాతి స్తంభాలకి ఆయిల్ పెయింట్, నేలకి టైల్స్. అఖండ దీపానికి ఆవుల్నీ గొర్రెల్నీ దానమిచ్చిన వాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళ మీద కూడా పెయింటే! రాజుల కాలంలోనూ దీపం వెలిగింది ఆ దానాలతోనే, అది చెప్పే రాతనే చెరిపేస్తున్నారు.

1863లో ఇంగ్లీషు ప్రభుత్వమే చట్టం చేసి గుళ్ళ నిర్వహణ నుంచి తప్పుకుంది, విగ్రహారాధనతో క్రైస్తవ ప్రభుత్వానికేం పని అని మిషనరీలు గొడవ చేయబట్టి. మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది మనవాళ్ళే, 1920లలో మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్లు రాజా హయాంలో జస్టిస్ పార్టీ వాళ్ళు. 1987 దేవాదాయ చట్టంతో వంశపారంపర్య ధర్మకర్తల, అర్చకుల హక్కులూ పోయినాయి, అర్చకులవి 2007 సవరణతో కొంత తిరిగొచ్చినాయి. చర్చికి లేని ఈవో, అంటే ప్రభుత్వం పెట్టే కార్యనిర్వహణాధికారి, గుడికెందుకో ఇంతవరకు నాకు ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు.

ప్రభుత్వం లేకపోతే దళితులను గుళ్ళోకి రానివ్వరు అనేవాళ్ళు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి సంగతి తెలుసుకోవాలి. 1946లో అక్కడ హరిజనుల ప్రవేశం కోసం నిరాహార దీక్ష చేసింది పొట్టి శ్రీరాములు గారు. మద్రాసు రాష్ట్రంలో గుళ్ళన్నిటికీ వర్తించే ఆలయ ప్రవేశ చట్టం ఆ మరుసటి ఏడాది వచ్చింది. ముందు కదిలింది భక్తుడు, ఆఫీసు కాదు.

అంగట్లో బాకీ మేం పదిమందిమి కలిసి ఆ వారమే కట్టేశాం. మాన్యానికి మొన్న మళ్ళీ వేలం వేశారు, ఎంతకి పోయిందో అయ్యవారికి కూడా చెప్పలేదు.