అయోడిన్ పనిచేయనప్పుడు రాసే లెన్వాటినిబ్: మా అమ్మ వాడాక తెలిసినవి

మీ నాన్నగారి థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ ఇక పనిచేయదన్నారని, లెన్వాటినిబ్ రాశారని, అది కీమోనా అని అడిగారు. కాదండీ. ఇంట్లో వేసుకునే క్యాప్సూల్సే, కణాల మీద ఉండి కబుర్లు అందుకునే రిసెప్టర్లను అడ్డుకుంటాయి. మా అమ్మకూ పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సరే, ఊపిరితిత్తులకు పాకాక ఇదే ఇచ్చారు.

ఆ మాటకొస్తే రిసెప్టర్ వైద్యం మీ ఇంట్లో ఎప్పట్నుంచో నడుస్తోంది. పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర, థైరాయిడ్ హార్మోన్ లోటు తీర్చడానికే కాదు. థైరాయిడ్‌ను ఉసిగొల్పే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను తగ్గించి, క్యాన్సర్ కణాల మీదున్న టీఎస్‌హెచ్ రిసెప్టర్‌కు ‘పెరుగు’ అనే కబురు అందకుండా చేస్తుంది. కొత్త మందు వచ్చిందని దాన్ని ఆపకండి. లెన్వాటినిబ్ మీద టీఎస్‌హెచ్ పెరగొచ్చు, అప్పుడు థైరాక్సిన్ డోసు పెంచాల్సి వస్తుంది.

లెన్వాటినిబ్ గురి వేరు. గడ్డ తనకు రక్తం కావాలని వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. చుట్టుపక్కల రక్తనాళాల మీది రిసెప్టర్లు దాన్ని అందుకోగానే కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. ఈ మందు ఆ రిసెప్టర్లను, ఎఫ్‌జీఎఫ్, రెట్ లాంటి మరికొన్ని రిసెప్టర్లనూ అడ్డుకుంటుంది. ఈ మందును పరీక్షించి 2015లో వచ్చిన సెలెక్ట్ ట్రయల్‌లో జబ్బు ముదరకుండా ఆగిన కాలం మధ్యస్థంగా 18.3 నెలలు, డమ్మీ మాత్ర వాడినవాళ్లలో 3.6. పెద్ద తేడాయే, కానీ జబ్బును తుడిచిపెట్టే మందు మాత్రం కాదు.

మంచి నాళాలు వదులుగా ఉండటానికీ అదే సంకేతం కావాలి. అందుకే బీపీ పెరుగుతుంది. పుట్టి బుద్ధెరిగాక బీపీ ఎరగని మా అమ్మకు మొదటి వారంలోనే ఎగబాకింది. వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే పొద్దునా సాయంత్రం అంకెలు రాసి డాక్టర్‌కు చూపించేవాళ్లం. మెషిన్ ముందే కొనిపెట్టుకోండి. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా పరీక్ష చేయిస్తుండాలి.

విరేచనాలు, నీరసం, నోటి మంట తప్పలేదు. కారం తగిలితే చాలు అల్లాడిపోయేది, పెరుగన్నమే దిక్కు. 24 మిల్లీగ్రాముల నుంచి డోసు తగ్గించారు. తగ్గిస్తే టెన్షన్ పడకండి, ఆ ట్రయల్‌లోనూ మూడింట రెండొంతుల మందికి తగ్గించాల్సి వచ్చింది.

నా మటుకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది మొదలుపెట్టే ముందు జీన్ టెస్ట్ గురించి అడగడం. రెట్ లేదా ఎన్‌టీఆర్‌కే జన్యువు ఇంకో జన్యువుతో అతుక్కుపోయినవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఒక్క ఆ రిసెప్టర్‌నే గురిపెట్టే సెల్పర్కాటినిబ్, లారోట్రెక్టినిబ్ ఉన్నాయి, ఇబ్బందులూ సాధారణంగా తక్కువే. ఈ టెస్ట్‌కు మళ్లీ కోత అక్కర్లేకపోవచ్చు. ఆపరేషన్ నాటి గడ్డ ముక్క మైనపు బ్లాక్‌గా పాథాలజీ విభాగంలో ఉంటుంది, అడిగి తీసుకోండి. మెడుల్లరీ అనే ఇంకో రకం థైరాయిడ్ క్యాన్సరైతే కథ వేరు: రెట్ మార్పు వంశపారంపర్యంగా రావచ్చు, అలా వచ్చిందని తేలితే పిల్లలకూ టెస్ట్ చేయించాలి.

ఇంకోటి, పన్ను పీకించుకోవాలన్నా ముందు క్యాన్సర్ డాక్టర్‌ను అడగండి. ఈ మందు మీద పుండ్లు త్వరగా మానవు.