ఎమ్మెల్యే గారి లెటర్ ఎందుకండీ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. అమెరికాలో బీఎస్‌ (డిగ్రీ)కు పంపాలనుకుంటున్నాం. అక్కడ టీచర్ల సిఫార్సు లేఖలు అడుగుతారట. కాలేజీలో లెక్చరర్లకు పాప పేరు కూడా సరిగా తెలియదు. తెలిసిన ఎమ్మెల్యే గారు రాసిస్తానన్నారు. లెటర్లు మేమే చూసుకుంటామని కన్సల్టెన్సీ అంటోంది. ఏది మేలు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రెండూ వద్దండీ. ఎమ్మెల్యే గారు పాపకు పాఠం చెప్పలేదు కదా. ఇక కన్సల్టెన్సీల్లో, లెక్చరర్ పేరుతో జీమెయిల్ తెరిచి లెటర్ తామే అప్‌లోడ్ చేసేవాళ్లున్నారు. దాన్ని ఫోర్జరీ అంటారు. బయటపడితే వచ్చిన సీటూ పోతుంది.

లెటర్ లేక సీటు పోతుందేమోనన్నదే మీ టెన్షన్ అయితే కాస్త తగ్గించుకోండి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తుతో పాటు లెటర్లే అడగదు. అడిగే చోట కూడా ముందు చూసేది మార్కులు, చదివిన సబ్జెక్టులు. ఒకే స్థాయి పిల్లలు ఎక్కువమంది ఉన్నప్పుడు లెటర్ తేడా చూపిస్తుంది. అదీ అందులో విషయం ఉంటేనే. ‘సిన్సియర్, హార్డ్‌వర్కింగ్’ అని రాస్తే మన కాండక్ట్ సర్టిఫికెట్‌కీ దానికీ తేడా లేదు. స్టడీ అవర్ అయ్యాక ఆగి, రొటేషనల్ మోషన్ లెక్కను ఇంకో దారిలో చేసి చూపించిందని ఫిజిక్స్ సార్ నాలుగు లైన్లు రాస్తే చాలు, ఇంగ్లిష్ గొప్పగా లేకపోయినా. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ అయితే మ్యాథ్స్ లేదా సైన్స్ టీచర్ లెటర్‌తో పాటు భాష లేదా హ్యుమానిటీస్ చెప్పే ఒకరిది కూడా అడుగుతుంది. మార్కుల కోసం తీసుకుని మరిచిపోయే సంస్కృతం ఉంది చూడండి, ఆ మేడమ్ అక్కడ పనికొస్తారు.

నా అసలు సందేహం లెటర్ మీద కాదు. ఇంటర్ కాగానే అమెరికా అనే ఈ కొత్త మోజు మీద. విదేశీ విద్యార్థులకు అక్కడి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం రాదు. తల్లిదండ్రుల స్తోమతతో పని లేకుండా సీటిచ్చే హార్వర్డ్, ఎంఐటీ లాంటివి కొన్నే. మిగతా చాలా చోట్ల స్కాలర్‌షిప్ అడిగితే సీటు అవకాశమే తగ్గవచ్చు. నాలుగేళ్ల ఫీజు, ఖర్చు లోన్ మీద నెట్టుకురావాలంటే మాటలు కాదు. ఇక్కడ బీటెక్ చేసి ఎంఎస్‌కు వెళితే రెండేళ్ల ఖర్చుతో పోతుంది. పక్కింటి అబ్బాయి వెళ్లాడన్నది కారణం కాదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఇంత రాశారు కదా, పాపకు ఏం చదవాలని ఉందో ఒక్క ముక్క లేదు. లెక్చరర్లకు పేరు తెలియదని బాధపడుతున్నారు. ఉదయం నుంచి రాత్రి దాకా తల ఎత్తనివ్వని సెక్షన్‌లో వేసింది ఎవరు?

ఇంకా వెళ్లాల్సిందే అనుకుంటే ఇద్దరు లెక్చరర్లను ఇప్పుడే అనుకోండి. చాలా కాలేజీల రెగ్యులర్ గడువు జనవరి మొదట్లోనే ఉంటుంది, కనీసం నెల ముందు అడగాలి. తను చేసిన పనులు ఒక పేజీలో రాసిస్తే వాళ్లకు గుర్తుంటుంది. లెటర్ వాళ్లే రాసి, వాళ్ల లాగిన్‌లోంచే పంపాలి. అడగడానికి మీరు వెళ్లకండి, పాపను వెళ్లనివ్వండి.