‘వస్తున్నా’ అనాలంటే ‘బోయ్’: స్పానిష్ క్రియలపై పాఠకుల ప్రశ్నలు

(స్పానిష్ మాటల్ని వాళ్లు పలికే తీరుకు దగ్గరగా తెలుగులో రాశాం. మీ పుస్తకంలో ‘వి’ అక్షరం ఉన్న చోట ఇక్కడ ‘బ’ కనిపిస్తుంది. అక్కడ పలికేది అలాగే.)

ప్రశ్న: భూతకాలం పట్టికలు రెండూ కంఠతా వచ్చు. పేరా రాస్తే మాత్రం సగం క్రియల కింద ఎర్రగీతలే. ‘అక్కడ ఐదేళ్లు పనిచేసేవాణ్ణి’ అన్నది ఎందుకు తప్పయింది?

జవాబు: మీరు ‘త్రబహాబా సింకో అన్యోస్’ అని రాసి ఉంటారు. అక్కడ ‘త్రబహే’ రావాలి. మన ‘వెళ్లాను’ ఇందెఫినీదోకి (ముగిసిపోయిన పనిని చెప్పే భూతకాలం) సరిపోతుంది. ‘వెళ్లేవాణ్ణి’, ‘అప్పుడు వెళ్తున్నాను’ అనే రెండూ ఇంపెర్ఫెక్తోలోకి (అప్పట్లో సాగుతున్న, అలవాటుగా జరిగిన పనిని చెప్పే భూతకాలం) పోతాయి. ఈ లెక్క చాలావరకు నిలుస్తుంది, మీరు జారిన చోట తప్ప. ‘ఐదేళ్లు’, ‘మూడుసార్లు’ అని కొలత చెప్పేశాక ఆ పని ఎంత సుదీర్ఘమైనా మూట కట్టేసినట్టే, ఇందెఫినీదోనే వాడాలి. కొలత లేకుండా ‘ఆ రోజుల్లో’, ‘రోజూ’ అంటే ఇంపెర్ఫెక్తో.

ఈ రెండు వాక్యాలు చూడండి. ‘క్వాందో యెగే, సెనాబాన్’ అంటే నేను వెళ్లేసరికి వాళ్లు భోంచేస్తున్నారు. ‘క్వాందో యెగే, సెనారోన్’ అంటే నేను వెళ్లాకే భోంచేశారు. మీ కోసం ఆగారో లేదో ఆ ప్రత్యయమే చెప్పేస్తుంది. రాసిన పేరాలో ప్రతి క్రియ దగ్గరా ‘ఇది కథను ముందుకు నడిపిందా, వెనకాల తెరలా ఉందా?’ అని అడగండి. నడిపితే ఇందెఫినీదో.

‘సబీయా’, ‘సూపె’ తేడాను పుస్తకాలు పెద్ద మినహాయింపుగా చూపిస్తాయి. మనకు అందులో వింతేమీ లేదు: మొదటిది ‘అప్పటికే తెలుసు’, రెండోది ‘తెలిసింది’.

బట్టీ పట్టే ఓపికను ఇందెఫినీదోకే దాచుకోండి. ఇంపెర్ఫెక్తోలో దారి తప్పే క్రియలు మూడే: సేర్ (ఉండటం), ఇర్ (వెళ్లడం), బేర్ (చూడటం). రెండోవైపు తూబె, ఈసె, పూసె, దీహె లాంటివి బోలెడు. ఒత్తు గుర్తు కూడా మర్చిపోవద్దు. ‘అబ్లో’ చివరి అచ్చు మీద ఆ చిన్న గీత లేకపోతే ‘అతను మాట్లాడాడు’ కాస్తా ‘నేను మాట్లాడతాను’ అయి కూర్చుంటుంది.

ప్రశ్న: ‘యో గుస్తో ఎల్ తే’ అంటే నవ్వారు. ఏముంది అందులో?

జవాబు: ‘నేను టీ నచ్చుతాను’ అన్నట్టుంది మరి. ఇంగ్లీషు మీదుగా వెళ్లడం వల్ల వచ్చిన తంటా ఇది. నేరుగా తెలుగులోంచి వెళ్తే వాక్యం దానంతటదే కుదురుతుంది: నాకు టీ నచ్చుతుంది, ‘మె గుస్తా ఎల్ తే’. నాకు పుస్తకాలు నచ్చుతాయి, ‘మె గుస్తాన్ లోస్ లీబ్రోస్’. మనలాగే క్రియ వస్తువు వచనాన్ని బట్టి మారింది. చదవడం, ఈదడం అని ఎన్ని పనులు చెప్పినా మాత్రం ‘గుస్తా’ ఏకవచనంలోనే ఉంటుంది. తలనొప్పికీ ఇదే తీరు: ‘మె దువేలె లా కబేసా’. ‘నా తల’ అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఆకలి దగ్గర మాత్రం తెలుగు దారి చూపదు. ‘నాకు ఆకలేస్తోంది’కి ‘తెంగో ఆంబ్రె’, అంటే ‘ఆకలి కలిగి ఉన్నాను’. దాహం, చలి, వయసు అన్నిటికీ ‘తెనేర్’ క్రియే.

ప్రశ్న: ఎవరైనా పిలిస్తే ‘బెంగో’ (వస్తున్నా) అంటున్నాను. సరైనదేనా?

జవాబు: కాదు, ‘బోయ్’ (వెళ్తున్నా) అనాలి. మనం పిలిచినవాళ్ల వైపునుంచి చూసి ‘వస్తున్నా’ అంటాం. స్పానిష్‌లో మాట్లాడేవాళ్లు ఉన్న చోటే కొలమానం, అక్కణ్ణుంచి కదిలితే వెళ్లడమే. ‘రేపు మీ ఇంటికి పుస్తకం తెస్తా’ అన్నప్పుడూ అంతే: ‘త్రాయిగో’ (తెస్తా) కాదు, ‘యేబో’ (తీసుకెళ్తా).

ప్రశ్న: ‘రాగానే ఫోన్ చెయ్యి’ అనడానికి ‘క్వాందో యేగాస్’ తప్పా?

జవాబు: తప్పే. ఆ రావడం ఇంకా జరగలేదు కాబట్టి సుబ్‌హుంతీబో (ఇలా ఇంకా జరగని పనికి వాడే క్రియారూపం) కావాలి: ‘క్వాందో యేగెస్, యామమె’. రోజూ జరిగేదైతే మామూలు వర్తమానం చాలు: ‘క్వాందో యేగో ఆ కాసా, సేనో’, ఇంటికి రాగానే భోంచేస్తాను. మన ‘రాగానే’ రెండు చోట్లా మారదు గనుక తేడా చెవికి అందదు. అందుకే ‘క్వాందో’ రాసిన ప్రతిసారీ ఆగి, ఇది అలవాటా, జరగబోయేదా అని చూసుకోండి.

ప్రశ్న: ‘ఉండటం’ అనే అర్థానికి రెండు క్రియలున్నాయి కదా, శాశ్వతమైతే ‘సేర్’, తాత్కాలికమైతే ‘ఎస్తార్’. ఈ సూత్రం చాలదా?

జవాబు: చావుకన్నా శాశ్వతమైనది ఏముంది? అయినా ‘ఎస్తా మువెర్తో’ అనే అంటారు. క్షణంలో దాటిపోయే మూడు గంటలకేమో ‘సోన్ లాస్ త్రెస్’ అని ‘సేర్’ వాడతారు. ఏమిటి, ఎవరు, ఎలాంటిది అన్నవి సేర్‌వి. ఏ స్థితిలో ఉంది, ఎక్కడుంది అన్నవి ఎస్తార్‌వి. ఒక మెలిక ఉంది: వస్తువు ఎక్కడుందో చెప్పాలంటే ఎస్తార్, సమావేశం ఎక్కడ జరుగుతుందో చెప్పాలంటే సేర్.