తాగుడు మానిపించడానికి హార్మోన్ స్ప్రే వాడొచ్చా?

ప్రశ్న: మావారు రోజూ తాగుతారు. మానేస్తానంటారు, వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ స్ప్రే ముక్కులో కొట్టుకుంటూ భార్యాభర్తలిద్దరూ కౌన్సెలింగ్ తీసుకుంటే ఈ అలవాటు పోతుందని చదివాను. ఆన్‌లైన్‌లో తెప్పించమంటారా?

జవాబు: వద్దండి. కాన్పు నొప్పులు రావడానికి డాక్టర్లు ఇచ్చే హార్మోనే అది. మనుషుల మధ్య దగ్గరితనానికీ దానికీ సంబంధం ఉందంటారు కాబట్టి, మద్యం మీద యావ తగ్గుతుందేమో, దంపతుల కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుందేమో అని పరిశోధకులు పరీక్షిస్తున్నారు. తాగుడుకు మందుగా దానికింకా ఆమోదం లేదు.

కౌన్సెలింగ్ సంగతి వేరు. దానికి ఆ స్ప్రే కోసం ఆగక్కర్లేదు. సాధారణంగా వారానికోసారి, మూడు నాలుగు నెలలు ఇద్దరూ కలిసి వెళ్లాలి. అందులో రోజూ ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంటుంది. ఆయన రోజూ ఒకే వేళకు మీ ఎదుట కూర్చుని, "నిన్న తాగలేదు, ఈరోజూ తాగను" అనాలి. మీరు "సంతోషమండీ" అనాలి. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత తాగుడు మాటే ఎత్తకూడదు. పాత గొడవలు తవ్వకూడదు, జేబులు వెతకకూడదు, నోరు వాసన చూడకూడదు. మొదట్లో ఇద్దరికీ నాటకం ఆడుతున్నట్టే ఉంటుంది, నవ్వు కూడా వస్తుంది. రానివ్వండి. మీరు ఆరా తీయడం, ఆయన బొంకడం, ఆపైన అరుపులు... ఈ వరసకు అడ్డుకట్ట పడేది అక్కడే. జంటగా ఇలా చేసినవాళ్లు ఒంటరిగా చికిత్స తీసుకున్నవాళ్లకంటే మెరుగ్గా ఉండటం చాలా పరిశోధనల్లో కనిపించింది.

మందులు కావాలంటే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ ఎప్పటినుంచో ఉన్నాయి. కాలేయం, కిడ్నీలు చూసి ఏది నప్పుతుందో సైకియాట్రిస్టు చెబుతారు. డైసల్ఫిరామ్ మాత్రం ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టకండి. ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు! అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి. ప్రాణం మీదికీ రావచ్చు.

రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు. అందుకే ఆపే ముందే డాక్టరును కలవండి.

ఆయన మీ మీద చెయ్యి చేసుకుంటారో లేదో మీరు రాయలేదు. చేసుకుంటుంటే జంటగా కూర్చోవద్దు, ముందు మీరొక్కరే కౌన్సెలర్‌ను కలిసి ఆ విషయం చెప్పండి. ఆయన రానని మొండికేసినా మీరొక్కరే వెళ్లండి. ఆయనతో ఎప్పుడు, ఎలా మాట్లాడాలో మీకు నేర్పించే పద్ధతులు కూడా ఉన్నాయి.